ఫ్రెడరిక్ డగ్లస్ : ఒక బానిస జీవితం, ఒక దేశపు అంతర్యుద్ధం

ప్రపంచ చరిత్రలో అంతర్యుద్ధాలు అనేకం జరిగాయి. సింహాసనం కోసం అన్నదమ్ములు కత్తులు దూసినవి కొన్ని, మతం పేరిట సాగినవి మరికొన్ని. కాని మనిషిని మనిషి ఆస్తిగా అనుభవించవచ్చునా అనే ప్రశ్న మీద ఒక మహాదేశం రెండుగా చీలి, నాలుగేండ్లు తనలో తాను పోరాడి, ఆరు లక్షలకు పైగా ప్రాణాలను బలి ఇచ్చిన ఘట్టం అమెరికా సంయుక్త రాష్ట్రాల చరిత్రలో కనిపిస్తుంది. ఈ కథ చెప్పేవారు సాధారణంగా అబ్రహాం లింకన్‌తో మొదలుపెడతారు. ఆ మహనీయుని పేరు చిన్న తరగతుల నుండి మనకు పరిచితమే. మేము ఈ వ్యాసంలో అదే కథను మరొక వాకిలి నుండి చూడదలచాము. ఆ వాకిలి బానిసల గుడిసెది. అందులో నుండి బయటికి నడచి వచ్చినవాడు ఫ్రెడరిక్ డగ్లస్.

ఆయన జీవితంలోకి ప్రవేశించే ముందు ఆనాటి దేశస్థితిని కొంత తెలుసుకోవాలి. 1787లో అమెరికా రాజ్యాంగాన్ని రచించిన పెద్దలు అందులో బానిస అనే మాటను రానీయలేదు. అయినా ప్రతినిధుల సభలో స్థానాలను లెక్కించేటప్పుడు ఒక్కొక్క బానిసను ఐదింట మూడు వంతుల మనిషిగా గణించడానికి ఒప్పుకున్నారు. ఓటు బానిసకు లేదు. అతని తలను లెక్కించినందువల్ల కలిగిన బలం మాత్రం యజమానుల రాష్ట్రాలకు చేరింది. ఈ దురాచారం కాలక్రమాన తనంతట తానే అంతరిస్తుందని చాలామంది ఆశించారు. కాని 1793లో ఎలీ విట్నీ ప్రత్తి నుండి గింజలను వేరుచేసే యంత్రాన్ని తయారుచేయడంతో దక్షిణాదిన ప్రత్తి సాగు విపరీతంగా పెరిగింది. 1790లో సుమారు 7 లక్షలుగా ఉన్న బానిసల సంఖ్య 1860 నాటికి దాదాపు 40 లక్షలయింది.

దేశం పడమటికి విస్తరిస్తున్న కొద్దీ, కొత్తగా చేరే రాష్ట్రంలో బానిసత్వం ఉండాలా వద్దా అనే వివాదం మళ్ళీ మళ్ళీ తలెత్తింది. 1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగాను, మేన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగాను చేర్చుకొని, లూసియానా కొనుగోలు ద్వారా వచ్చిన మిగిలిన భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండరాదని గీత గీశారు. ఉభయపక్షాలూ తృప్తి చెందాయి. కాని ఆ ఒప్పందానికి కూర్చున్న ఉభయపక్షాలలోనూ బానిస లేడు. ఈ లోపమే తరువాతి నలభై ఏండ్ల చరిత్రను నడిపించిందని మా అభిప్రాయం.

ఆ గీత గీసిన నాటికి మన కథానాయకుడు రెండేండ్ల పసివాడు. 1818లో మేరీలాండ్ రాష్ట్రంలోని టాల్బట్ కౌంటీలో, టకహో వాగు దాపున జన్మించాడు. పుట్టిన తేదీ అతనికి తెలియదు. బానిసల పుట్టినరోజులను ఎవరు వ్రాసి పెడతారు? తండ్రి తెల్లజాతివాడని మాత్రమే విన్నాడు. తల్లి హారియెట్ బెయిలీ దూరపు పొలంలో కూలి. పగలంతా పనిచేసి, రాత్రివేళ మైళ్ళు నడచి వచ్చి, బిడ్డను నిద్రపుచ్చి, తెల్లవారకముందే తిరిగి వెళ్ళిపోయేది. అట్లా తల్లిని చూసినది నాలుగైదు పర్యాయాలే. అతనికి ఏడేండ్లు వచ్చేసరికి ఆమె కన్నుమూసింది. పెంచినది అమ్మమ్మ బెట్సీ. చలికాలంలో సైతం మోకాళ్ళ వరకు దిగే ఒక్క నార చొక్కాయే ఆ పిల్లలకు వస్త్రం.

1826లో ఫ్రెడరిక్‌ను బాల్టిమోర్ నగరంలోని హ్యూ ఆల్డ్ అనే అతని ఇంటికి పంపారు. ఆ ఇంటి ఇల్లాలు సోఫియా అంతకుముందు బానిసలను ఎరుగదు. పిల్లవాడి కుతూహలాన్ని చూసి ముచ్చటపడి అక్షరాలు నేర్పసాగింది. సంగతి తెలిసిన భర్త వెంటనే ఆపివేయించాడు. చదువు వచ్చిన బానిస యజమానికి ఇక పనికిరాడని, వాడికి తృప్తి ఉండదని భార్యకు హితబోధ చేశాడు. ప్రక్కనే ఉండి విన్న బాలునికి ఆ మాటలే తొలి పాఠమయ్యాయి. తనను బంధించిన సంకెల ఇనుముతో చేసినది కాదని, అజ్ఞానంతో చేసినదని గ్రహించాడు. యజమాని దేనికి భయపడుతున్నాడో దానినే సంపాదించాలని నిశ్చయించుకున్నాడు.

తరువాత ఆ బాలుడు చదువుకున్న తీరు విద్యార్థులందరూ తెలుసుకోదగినది. వీధిలో ఆడుకునే పేద తెల్ల పిల్లలకు తన జేబులోని రొట్టె ముక్కలిచ్చి, వారి చేత పాఠం చెప్పించుకునేవాడు. ఓడల కర్మాగారంలో వడ్రంగులు ఏ దుంగ ఓడకు ఏ ప్రక్కన అమర్చాలో తెలియడానికి వేసే అక్షరాలను చూసి, గోడల మీద, కాలిబాటల మీద సుద్దతో దిద్దేవాడు. పన్నెండేండ్ల వయసులో 50 సెంట్లు పోగుచేసి కొలంబియన్ ఆరేటర్ అనే ఉపన్యాసాల సంకలనాన్ని కొన్నాడు. ఒక బానిస తన యజమానితో వాదించి, తర్కబలంతోనే విడుదల పొందే సంభాషణ అందులో ఉంది. నోరెత్తకూడదని శాసించబడిన జాతికి చెందిన బాలుడు ఆ పుటలను ఎన్నిసార్లు చదివి ఉంటాడో మనం ఊహించుకోవచ్చు.

యజమాని అన్నమాట ఒక విధంగా నిజమే అయింది. చదువు అతనికి శాంతినివ్వలేదు. 1833లో అతనిని మళ్ళీ పల్లెకు రప్పించారు. లొంగని బానిసలను లొంగదీయడంలో పేరుమోసిన ఎడ్వర్డ్ కోవీ అనే రైతుకు 1834లో ఏడాదిపాటు అప్పగించారు. వారం తప్పకుండా కొరడా దెబ్బలతో ఆ యువకుని మనస్సు దాదాపు విరిగిపోయింది. చివరకు ఆగస్టు మాసంలో ఒకనాడు కోవీ కట్టివేయబోగా ఫ్రెడరిక్ తిరగబడ్డాడు. చాలాసేపు పెనుగులాట సాగింది. ఆ తరువాత కోవీ అతని మీద చేయి వేయలేదు. పదహారేండ్ల కుర్రవాని చేతిలో భంగపడ్డానని లోకానికి తెలిస్తే తన వృత్తికే ముప్పు కదా! 1836లో మిత్రులతో కలిసి పారిపోయే ప్రయత్నం బయటపడి ఫ్రెడరిక్ చెరసాల పాలయ్యాడు. విడుదలైన పిమ్మట బాల్టిమోర్‌కే పంపించి, ఓడల చెక్కల సందులను పూడ్చే పనిలో పెట్టారు. వారమంతా శ్రమించి తెచ్చిన కూలిని శనివారం సాయంత్రం హ్యూ ఆల్డ్ చేతిలో పోయవలసి వచ్చేది.

1838 సెప్టెంబరు 3వ తేదీన నావికుని దుస్తులు ధరించి, ఒక మిత్రుడైన నల్లజాతి నావికుని వద్ద ఎరువు తెచ్చుకున్న పత్రాలతో రైలెక్కాడు. పత్రంలోని ఆనవాళ్ళు అతనికి సరిపోవు. టిక్కెట్ల అధికారి నిదానించి చూసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. రైళ్ళు, పడవలు మారి ఇరవైనాలుగు గంటలలోపే న్యూయార్క్ చేరాడు. బాల్టిమోర్‌లో స్వేచ్ఛాపౌరురాలైన ఆనా మర్రే తన కష్టార్జితంతో ఈ ప్రయాణానికి సహాయం చేసింది. పదిహేను దినాలలోపుగానే వారి వివాహం జరిగింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూబెడ్‌ఫర్డ్‌లో కాపురం పెట్టి, పాత యజమానుల కన్ను తప్పించుకోవడానికి డగ్లస్ అనే కొత్త ఇంటిపేరు స్వీకరించాడు. కాని స్వేచ్ఛా రాష్ట్రంలోనూ వర్ణభేదం వదలలేదు. తెల్ల పనివారు ప్రక్కన నిలబడి పనిచేయడానికి ఒప్పుకోకపోవడంతో, చేతిలో విద్య ఉండి కూడా కట్టెలు కోసి, బరువులు మోసి పొట్ట పోసుకోవలసి వచ్చింది.

ఆ రోజులలో విలియం లాయిడ్ గారిసన్ 1831 నుండి నడుపుతున్న లిబరేటర్ పత్రిక డగ్లస్‌కు నిత్యపారాయణ గ్రంథమయింది. 1841లో నాంటకెట్ ద్వీపంలో జరిగిన సభలో మొదటిసారి పెద్ద సభికుల ఎదుట వణుకుతూ లేచి మాట్లాడాడు. నాటి నుండి ఆయన బానిసత్వ నిర్మూలన సంఘపు ప్రచారకుడు. అంతవరకు బానిసలను గురించి ఇతరులు మాట్లాడారు. ఇప్పుడు బానిసయే మాట్లాడుతున్నాడు. ఆయన భాషాపటిమను విన్నవారు కొందరు ఇతడు బానిసగా ఉండి ఉండడని శంకించారు. వారికి సమాధానంగా 1845లో తన ఆత్మకథను ప్రచురించి, యజమానుల పేర్లను, ఊర్లను స్పష్టంగా వెల్లడించాడు. సందేహం తీరింది; ప్రాణాపాయం దాపురించింది. పట్టుకుపోయే హక్కు యజమానికి చట్టరీత్యా ఉంది. అందువల్ల ఐర్లండుకు, బ్రిటనుకు వెళ్ళి దాదాపు రెండేండ్లు ఉపన్యాసాలిచ్చాడు. అక్కడి మిత్రులు చందాలు పోగుచేసి, 1846లో 150 పౌనులు యజమానికి చెల్లించి ఆయనను విడిపించారు. వేలమంది చప్పట్లు కొట్టిన వక్త విలువను బజారు ధరలో కట్టి రశీదు వ్రాసుకున్న కాలమది.

1847 చివర రోచెస్టర్ నగరం నుండి నార్త్ స్టార్ అనే స్వంత పత్రికను ఆయన ప్రారంభించాడు. పారిపోయే బానిసలకు రాత్రివేళ దారి చూపే ధ్రువనక్షత్రమే ఆ పేరు. మరుసటి యేడు సెనెకా ఫాల్స్‌లో స్త్రీల హక్కుల కొరకు జరిగిన మహాసభకు హాజరై, స్త్రీకి ఓటు కావాలనే తీర్మానాన్ని బలపరిచాడు.

ఇక్కడే గురువుతో విభేదం పొడసూపింది. రాజ్యాంగం బానిస యజమానులతో చేసుకున్న పాపపు ఒడంబడిక అని, దానిని నమ్ముకొని ఓటు వేయరాదని, దక్షిణాదితో తెగతెంపులు చేసుకోవాలని గారిసన్ సిద్ధాంతం. డగ్లస్ మొదట దానినే బోధించాడు. కాని స్వయంగా చదివి, ఆలోచించి, 1851 నాటికి అభిప్రాయం మార్చుకున్నాడు. రాజ్యాంగపు మాటలను ఉన్నవి ఉన్నట్లు చదివితే అవి స్వేచ్ఛకే సాక్ష్యమిస్తాయని, ఉత్తరాది విడిపోయి చేతులు కడుక్కుంటే లక్షలాది బానిసలను విడిచిపెట్టినట్లేనని ఆయన వాదన. ఈ మార్పు వల్ల పాత మిత్రులు శత్రువులైనారు. గురువు పట్ల కృతజ్ఞత ఒకటి, గురువు మాటకు బందీ కావడం మరొకటి. తన తలతో తాను ఆలోచించే హక్కు కూడా స్వేచ్ఛలో భాగమే అని ఆయన నడవడి చాటింది.

ఇంతలో దేశంలో రాజీలు ఒక్కొక్కటే కూలసాగాయి. మెక్సికోతో యుద్ధం వల్ల లభించిన కొత్త భూభాగాల తగాదాను తీర్చడానికి 1850లో మరొక ఒప్పందం కుదిరింది. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రమయింది. ప్రతిఫలంగా దక్షిణాది వారు పలాయిత బానిసల చట్టాన్ని పొందారు. పట్టుబడినవానికి జూరీ విచారణ లేదు, తన పక్షాన తాను సాక్ష్యమిచ్చే వీలు లేదు. బానిసే అని నిర్ణయించిన కమిషనరుకు 10 డాలర్లు, కాదని విడిచిపెడితే 5 డాలర్లు రుసుము! సామాన్య పౌరుడు సైతం పట్టివేతలో సహాయపడాలని నిర్బంధం. బానిసత్వం దక్షిణాది వారి ఇంటి వ్యవహారమని ఊరుకున్న ఉత్తరాది గృహస్థుని గుమ్మంలోకి ఈ చట్టం సంకెళ్ళను తెచ్చిపెట్టింది. డగ్లస్ ఇల్లు కెనడా సరిహద్దుకు పోయే పలాయితులకు మజిలీ అయింది. ఒక పర్యాయం పదకొండుగురు ఒకేసారి ఆ ఇంట తలదాచుకున్నారు. 1852లో హారియెట్ బీచర్ స్టోవ్ నవల అంకుల్ టామ్స్ కాబిన్ ఇంటింటా కన్నీరు పెట్టించింది. ఆ యేడే జులై 5న రోచెస్టర్‌లో డగ్లస్ చేసిన ప్రసంగం, స్వాతంత్ర్య దినోత్సవపు బాణసంచాలో బానిసకు వాటా ఏదని దేశాన్ని నిలదీసింది.

1854లో సెనేటరు స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన కాన్సాస్–నెబ్రాస్కా చట్టం 1820 నాటి గీతను చెరిపివేసింది. బానిసత్వం ఉండాలా వద్దా అనేది అక్కడి వలసదారులే ఓటుతో తేల్చుకోవచ్చునన్నారు. చూడడానికి న్యాయంగా కనిపించే ఈ ఏర్పాటులోనూ బానిసకు ఓటు లేదు. ఇరుపక్షాల వారూ కాన్సాస్‌కు తుపాకులతో తరలివెళ్ళగా అంతర్యుద్ధపు తొలి నెత్తురు అక్కడ చిందింది. బానిసత్వ విస్తరణను ఎదిరించే రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1856లో సెనేట్ మందిరంలోనే చార్లెస్ సమ్నర్‌ను దక్షిణాది సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో స్పృహ తప్పేట్లు కొట్టాడు. 1857లో డ్రెడ్ స్కాట్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, నల్లజాతివారు పౌరులు కాజాలరని, భూభాగాలలో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెసుకు లేదని తీర్పు చెప్పాడు. అనేకులు నిరాశ చెందారు. డగ్లస్ మాత్రం ఇంతటి అన్యాయం నిద్రిస్తున్న జాతిని మేల్కొల్పుతుందని ధైర్యం చెప్పాడు.

ఆయన జీవితంలోని అత్యంత కఠినమైన పరీక్ష 1859 ఆగస్టులో ఎదురయింది. చాంబర్స్‌బర్గ్ సమీపాన పాడుబడిన ఒక రాతి గనిలో మిత్రుడైన జాన్ బ్రౌన్ రహస్యంగా కలుసుకున్నాడు. హార్పర్స్ ఫెర్రీలోని ప్రభుత్వ ఆయుధాగారాన్ని పట్టుకొని బానిసలను లేపుతానని, తోడు రమ్మని కోరాడు. అది చిక్కితే బయటపడలేని బోను అని డగ్లస్ వారించి, తాను వెళ్ళలేదు. వెంట వచ్చిన షీల్డ్స్ గ్రీన్ అనే పలాయిత బానిస మాత్రం బ్రౌన్‌తో పోవడానికే నిశ్చయించుకున్నాడు. అక్టోబరులో దాడి విఫలమయింది. డిసెంబరులో బ్రౌన్‌ను, గ్రీన్‌ను ఉరితీశారు. బ్రౌన్ కాగితాలలో డగ్లస్ లేఖ దొరకడంతో వర్జీనియా ప్రభుత్వం ఆయనను బంధించబూనింది. కెనడా మీదుగా ఇంగ్లండు చేరాడు. అక్కడ ఉండగా 1860 మార్చిలో పదేండ్ల గారాలపట్టి ఆనీ మరణించిందన్న వార్త అందింది. ప్రాణభయాన్ని లెక్కచేయక ఇంటికి తిరిగి వచ్చాడు. నాడు వెళ్ళకపోవడం పిరికితనమా, వివేకమా అని కొందరు ప్రశ్నించారు. చనిపోయే ధైర్యం ఒకరిది, బ్రతికి వాదించే ధైర్యం మరొకరిది. చరిత్రకు రెండూ అవసరమైనాయని మేము భావిస్తున్నాము.

1860 నవంబరులో లింకన్ ఎన్నికయ్యాడు. ఉన్నచోట బానిసత్వాన్ని తాకనని, విస్తరించనీయనని మాత్రమే ఆయన అన్నాడు. అదైనా దక్షిణాదికి సహించలేదు. డిసెంబరు 20న దక్షిణ కరోలినా సమాఖ్య నుండి విడిపోయింది. క్రమంగా పదకొండు రాష్ట్రాలు వేరుపడ్డాయి. ఆ యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసమే గాని బానిసల కోసం కాదని తరువాతి కాలంలో కొందరు వ్రాశారు. దక్షిణ కరోలినా, మిసిసిపీ వంటి రాష్ట్రాలు ఆనాడు ప్రకటించిన కారణ పత్రాలలో బానిసత్వ రక్షణే ప్రధానంగా కనిపిస్తుంది. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోట మీద ఫిరంగులు మ్రోగాయి.

యుద్ధారంభంలో లింకన్ లక్ష్యం సమాఖ్య రక్షణ. బానిసత్వాన్ని కూల్చకుండా తిరుగుబాటును కూల్చలేరని, నల్లవారికి ఆయుధాలివ్వాలని డగ్లస్ పత్రికాముఖంగా పోరాడాడు. 1863 జనవరి 1న విమోచన ప్రకటన వెలువడింది. ఆ రాత్రి బోస్టన్‌లో తంతివార్త కోసం వేచి ఉన్న జనసమూహంలో ఆయన ఒకడు. వెంటనే సైనికుల నమోదుకు పూనుకొని, తన కుమారులు చార్లెస్, లూయీలను మసాచుసెట్స్ 54వ దళంలో చేర్పించాడు. లూయీ జులైలో వాగ్నర్ కోట ముట్టడిలో పోరాడాడు. తెల్ల సైనికునికి నెలకు 13 డాలర్లు, నల్ల సైనికునికి 10 డాలర్లు, అందులోనూ దుస్తులకు 3 కోత. ఈ అన్యాయాన్ని విన్నవించడానికి ఆగస్టులో డగ్లస్ తిన్నగా లింకన్ వద్దకు వెళ్ళాడు. సమాన వేతనం 1864లో వచ్చింది. సుమారు 1,80,000 మంది నల్ల సైనికులు ఆ యుద్ధంలో సేవ చేశారు. ఒకనాటి బానిస దేశాధ్యక్షునికి ఎదురుగా కూర్చుని మాట్లాడడంతో, 1787 నుండి ఖాళీగా ఉన్న ఆ మూడవ ఆసనం నిండినట్లయింది.

1865లో యుద్ధం ముగిసింది. 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో పౌరసత్వం, 1870లో పురుషులకు వర్ణభేదం లేని ఓటుహక్కు లభించాయి. ఈ పోరాటపు ప్రతిధ్వని మన దేశంలోనూ వినిపించింది. 1873లో మహాత్మా జ్యోతిరావు ఫూలే మరాఠీలో వ్రాసిన గులాంగిరీ గ్రంథాన్ని, బానిసల విముక్తికి త్యాగం చేసిన అమెరికా ప్రజలకే అంకితం చేశాడు. గులామీ అని ఉర్దూలో అన్నా, దాస్యమని తెలుగులో అన్నా ఆ బాధ ఒక్కటే కదా!

విజయం సంపూర్ణం కాలేదు. 1877 తరువాత దక్షిణాదిన నల్లవారి హక్కులు మళ్ళీ కాలరాయబడ్డాయి. మూకలు మనుషులను చెట్లకు వ్రేలాడదీశాయి. రాజధానిలో మార్షల్‌గా, హైతీ దేశానికి రాయబారిగా ఉన్నత పదవులు నిర్వహించిన డగ్లస్ ముదిమిలోనూ ఆ ఘోరాలను ఖండిస్తూనే వచ్చాడు. 1877లో మరణశయ్యపై ఉన్న పాత యజమాని థామస్ ఆల్డ్‌ను చూడబోయి, కన్నీళ్ళతో మాట్లాడి వచ్చాడు. భార్య ఆనా మరణానంతరం 1884లో హెలెన్ పిట్స్ అనే శ్వేతజాతి వనితను పరిణయమాడినప్పుడు ఇరుజాతుల వారూ నిందించారు, ఆయన చలించలేదు. 1895 ఫిబ్రవరి 20న స్త్రీల హక్కుల సభకు వెళ్ళి ఇల్లు చేరిన సాయంత్రమే గుండె ఆగి మరణించాడు.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఏమి? రాజీలు చెడ్డవని కాదు. ఎవరి బ్రతుకును గురించి రాజీ జరుగుతున్నదో వారే ఆ కూటమిలో లేకపోతే అది శాంతి కాదు, వాయిదా మాత్రమే. వాయిదా పడిన బాకీకి వడ్డీ పెరుగుతుంది. అమెరికా దానిని రక్తంతో తీర్చుకున్నది. ఇక విద్యార్థి సోదరసోదరీమణులకు ఒక్క మాట. మన కళాశాల గ్రంథాలయంలో పుస్తకం కావాలంటే చీటీ వ్రాసి ఇస్తే చాలు. ఒక బాలుడు తన ఆకలిని అణచుకొని, రొట్టె ముక్క ఇచ్చి ఒక్కొక్క అక్షరం కొనుక్కున్నాడు. ఆ అక్షరాలే పెద్దవై ఒక దేశపు రాజ్యాంగాన్ని చదివి, దానికి కొత్త అర్థం చెప్పి, దానిని మార్చగలిగాయి. మనకు ఉచితంగా లభించిన అక్షరాలతో మనం ఏమి చేస్తున్నామని ఎవరికి వారు ప్రశ్నించుకుంటే ఈ వ్యాసం వ్రాసిన మా శ్రమ ఫలించినట్లే.